ఎనిమిదో తరగతి ఎడమచేతులు

బీఈడీ ట్రైనింగులో నలభై పాఠాలు చెప్పడమూ అయింది, రికార్డులో నలభై సంతకాలు పడడమూ అయింది. ఏనుగంతా దాటి తోక దగ్గర చిక్కుకున్నట్టు నాగరత్నానికి ఇక మిగిలింది ఆఖరి పరీక్ష పాఠం ఒక్కటే. పోయిన వారం ఆమెను మనం రాజమండ్రి ఇన్నీసుపేటలో, మేనత్తగారి వీధి అరుగు మీద వదిలిపెట్టాం. తోటి ట్రైనీ బుల్లిరాజు ఒక మాట అడిగాడు. ఆమె ఔననలేదు, కాదనలేదు. ఊరుకుంది. ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు గానీ, అన్నిసార్లూ కాదు.

దారిలో బండెక్కినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. నాగరత్నానికి ముప్ఫై నాలుగేళ్ళు. పెనుగొండలో ఇత్తడి సామాన్ల కొట్టు గున్నేశ్వరరావు గారి భార్య. ఆ ఊరి ఆడపిల్లల ఎయిడెడ్ స్కూల్లో పదకొండేళ్ళుగా లెక్కలు చెబుతోంది. భిన్నాలంటే ఏడ్చే పిల్లలు ఆమె చేతికి వచ్చాక ఏడవడం మానేశారని ఊళ్ళో పేరు. కానీ చేతిలో బీఈడీ లేదు. ట్రైనింగ్ లేని టీచర్లు ఈ జూన్ లోపల పట్టా తెచ్చుకోకపోతే ఇంటికే అని స్కూలు కమిటీ తేల్చి చెప్పేసింది. హెడ్‌మిస్ట్రెస్ అన్నపూర్ణమ్మ గారు వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి, రాజమండ్రిలో ఆ చదువు చదువుకురమ్మని ఏడాది సెలవు ఇప్పించారు. "ఇంకో ఏడాది అడగడానికి నాకు మొహం లేదమ్మా రత్నం" అని కూడా అప్పుడే చెప్పేశారు. అంటే ఈ పాఠం గట్టెక్కితే టీచరు, లేకపోతే పదకొండేళ్ళ ఉద్యోగం పోయినట్టే.

అంత అనుభవం ఉన్న మనిషికి ఒక్క పాఠానికి భయమేమిటని మీరనవచ్చు. వాళ్ళాయన కూడా అదే అన్నాడు. "అమ్మే సరుకు అదే కదే, తూకం చూడ్డానికి ఇంకోడొస్తే నీకేంటి బెంగ?" అని నవ్వాడు. కానీ ఆమె జబ్బు అదే. అరవై మంది పిల్లల ముందు గలగలా మాట్లాడే నాగరత్నం, వెనక బెంచీలో ఒక పెద్దమనిషి నోటుపుస్తకం పెట్టుకుని కూర్చుంటే చాలు, నాలుక పిడచకట్టుకుపోయి నిలబడిపోతుంది. నవంబరులో కాలేజీ మేష్టార్లు తప్పులెంచడానికి కూర్చునే విమర్శ పాఠంలో రెండు నిమిషాలు సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తోటివాళ్ళు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

బుల్లిరాజు ఆ రోజే ఆమెకు దగ్గరయ్యాడు. భీమవరం పక్క పల్లెటూరి కుర్రాడు, ఇరవై నాలుగేళ్ళు. మంచివాడు, సరదా మనిషి, చదువంటే కొంచెం ఒళ్ళు బద్ధకం. నిరుడు ఈ ప్రాక్టికల్స్ లోనే తప్పాడు. ఈసారి కూడా తప్పితే చేపల చెరువు గట్టున కాపలా పడుకోమని వాళ్ళ నాన్నగారు ఖాయం చేశారు. ఏడాదంతా "అక్కయ్య గారూ" అంటూ ఆమె చార్టులు మోశాడు, ఆమె లెసన్ ప్లాన్లు చూసి రాసుకున్నాడు. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని అతను అడిగింది చేతుల సంగతి.

బీఈడీ చదివినవాళ్ళకి ఈ చేతుల విద్య కొత్త కాదు. పరీక్ష పాఠానికి ముందు పిల్లలకి చెప్పి పెడతారు. ప్రశ్న అడగగానే క్లాసంతా చేతులెత్తాలి. జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి. వెనక కూర్చున్న ఎగ్జామినరుకి అడివిలా లేచిన చేతులు కనబడతాయి, ట్రైనీకి మాత్రం ఎవర్ని లేపాలో తెలుస్తుంది. ఇద్దరి పాఠాలూ మర్నాడే, ప్రాక్టీసు చేసిన హైస్కూల్లో ఎనిమిది 'బి' లోనే పడ్డాయి. బుల్లిరాజుది రెండో పీరియడ్, నాగరత్నానిది నాలుగో పీరియడ్.

"నేను ఎలాగూ చెబుతానండి అక్కయ్య గారూ. అదే ఏర్పాటు మీకూ పనికొస్తుంది. మీరేం అనక్కర్లేదు, ఊరుకోండంతే" అన్నాడు బుల్లిరాజు.

ఆమె ఊరుకుంది. రాత్రంతా ఊరుకున్నందుకు తనను తాను తిట్టుకుంది. పొద్దున్న లేచాక మాత్రం, సిగ్గుచేటే గానీ, గుండె కాస్త తేలికగా ఉంది.

నాలుగో పీరియడ్ గంట కొట్టేముందు నాగరత్నం వరండా చివర గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంది. అమ్మా కన్యకాపరమేశ్వరీ, నాలుక తిరిగేలా చూడు తల్లీ అని మొక్కుకుంది. కళ్ళు తెరిచేసరికి ఎవరో ఆడపిల్ల తన వెనకనుంచి పరుగెత్తుకుంటూ క్లాసులోకి పోతోంది. ఎవరా అని చూసే ఓపిక ఆమెకు లేదు.

క్లాసులో వెనక బెంచీ మీద ఎగ్జామినరు సామ్యేలు గారు అప్పటికే కూర్చుని ఉన్నారు. యాభై ఐదేళ్ళ మనిషి, తెల్ల పంచె, బుష్‌షర్టు, ముక్కు చివరకి జారిన కళ్ళజోడు. ఆయన తలెత్తి చూడను కూడా చూడలేదు. చూడకపోవడంతో ఆమెకు ఇంకా భయం వేసింది.

పాఠం వృత్త పరిధి. బల్ల మీద ఆమె కొట్టునుంచి తెచ్చిన ఇత్తడి పళ్ళెం, జల్లెడ, డబ్బా మూత, ఒక దారం ఉండ. పలకరింపులయ్యాయి. మాట బయటికే వచ్చింది.

"వృత్తానికి వ్యాసం అంటే ఏమిటి?"

క్లాసంతా చేతులెత్తేసింది. ఒక్కడు కూడా మిగల్లేదు. కుడిచేతులు ఓ ఇరవై, ఎడమచేతులు అంతకు ఎక్కువే. నాగరత్నం ప్రాణం లేచొచ్చింది. ముందు వరసలో గుండ్రటి మొహం కుర్రాడు కుడిచెయ్యి కప్పుకి తగిలేలా ఎత్తాడు.

"నువ్వు చెప్పు బాబూ. నీ పేరు?"

"సత్తిరాజండి."

"వ్యాసం అంటే?"

సత్తిరాజు నోరు తెరిచాడు. మూశాడు. ఇదేమి అన్యాయం అన్నట్టు ఆమె మొహం వంక చూశాడు.

"సరే. నువ్వమ్మా." మూడో బెంచీలో పిల్ల. కుడిచెయ్యే. లేచి నిలబడి గోరు కొరుక్కుంది. ఇంకొకడిని లేపింది. వాడు "తెలీదండి" అని గట్టిగా, నిజాయితీగా చెప్పి కూర్చున్నాడు.

వెనక సామ్యేలు గారి కలం కాయితం మీద కదిలింది. నవంబరు నాటి సుద్దముక్క మళ్ళీ చేతిలో బిగుసుకుపోయింది. అప్పుడు చూసిందామె కిటికీ పక్కన కూర్చున్న పెద్దింట్లమ్మని. క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల, ఈ ఏడాది ట్రైనీలందరినీ దాదాపు ఒంటిచేత్తో గట్టెక్కించిన పిల్ల. ఆ పిల్ల ఎడమచెయ్యి ఎత్తి, నన్నడగండి నన్నడగండి అని కళ్ళతో బతిమాలుతోంది. వరసగా చూసింది. తెలివైన పిల్లలందరివీ ఎడమచేతులే.

ఏర్పాటు తిరగబడింది. ఎవరో తిరగేశారు. ఎవరో ఎందుకో తర్వాత సంగతి. ఇప్పుడు ఎడమచేతుల్ని లేపితే చాలు, పాఠం బండి పట్టాలెక్కుతుంది. జవాబులు గడగడా వస్తాయి, ఫార్ములా వస్తుంది, పునర్విమర్శ, ఇంటి పని, గంట. పట్టా. పెనుగొండ. "పెద్దింట్లమ్మా" అనే మాట ఆమె నాలుక చివరదాకా వచ్చింది.

కానీ సత్తిరాజు ఇంకా నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఆమె చెప్పడం మరిచిపోయింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. పదకొండేళ్ళలో ఆమె అలాంటి చెవులు చాలా చూసింది. ఒకసారి అలా నిలబెట్టి వదిలేస్తే ఆ పిల్లవాడు ఇక ఆ ఏడాది లెక్కల వైపు తిరిగి చూడడు.

"అందరూ చేతులు దించేయండి" అంది నాగరత్నం. "సత్తిరాజూ, ఇలా రా నాన్నా. ఈ పళ్ళెం పట్టుకో. ఈ చివరనుంచి ఆ చివరకి, సరిగ్గా నడిమధ్యనుంచి దారం పెట్టి కొలు. అంతవరకూ తెంపు. దాన్నే వ్యాసం అంటారు. ఇప్పుడు చెప్పు, ఈ ముక్కలు ఎన్నయితే పళ్ళెం అంచు చుట్టూ తిరిగొస్తాయి?"

"రెండండి."

"నాలుగు!" అని వెనకనుంచి ఒకడు అరిచాడు. "నాలుగున్నరండి!" అని ఇంకొకడు వేలంపాట పాడాడు. చేతులూ లేవు, గీతులూ లేవు. దారం చుట్టూ తిరిగింది. ఒకటి, రెండు, మూడు. అంచు ఇంకా రవ్వంత మిగిలింది.

"ఇది పెద్ద పళ్ళెం కాబట్టి మిగిలిందండి" అన్నాడు సత్తిరాజు. "డబ్బా మూతకి సరిపోద్ది."

"కొలిచి చూడు మరి."

డబ్బా మూతకీ మూడూ రవ్వంతా. జల్లెడకీ అంతే. పిల్లలు బెంచీలు దాటి బల్ల చుట్టూ మూగారు. సత్తిరాజు ఆమె చేతి వంక చూసి, "మీ గాజుకండీ?" అన్నాడు. ఆమె గాజు తీసిచ్చింది. దారం తెంపి వాడే కొలిచాడు. గాజుకి కూడా మూడు తిరిగి, కంటికి కనబడీ కనబడనంత మిగిలింది. "ఓర్నీ, దేనికైనా అంతేనండీ!" అన్నాడు వాడు. ఆ మాట విన్నప్పుడు నాగరత్నానికి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. వెనక బెంచీ ఉందనే సంగతి కూడా మరిచిపోయింది.

గంట కొట్టాకే గుర్తొచ్చింది. నల్లబల్ల మీద ఉన్నది "మూడు, ఇంకొంచెం" అనే రెండే రెండు మాటలు. ఫార్ములా రాయలేదు. పునర్విమర్శ లేదు, ఇంటి పని లేదు. లెసన్ ప్లాన్లో సగం కూడా నడవలేదు. సామ్యేలు గారు పుస్తకం మూసి వెళ్ళిపోయారు.

వరండాలో ఆమెను క్లాసు టీచరు వరలక్ష్మమ్మ గారు పట్టుకున్నారు. రెండు నెలల్లో రిటైరయ్యే పెద్దావిడ, ట్రైనీలంటే కన్నబిడ్డలే ఆవిడకి.

"ఎంత పని జరిగిందమ్మా! ఆ సామ్యేలు గారు గడుసుపిండం. రెండో పీరియడ్లో చేతులు లెక్కపెడుతూ కూర్చున్నాడు. నాకు అనుమానం వచ్చి, ఇంటర్వెల్లో పిల్లలందరికీ తిరగేసి చెప్పాను, తెలిస్తే ఎడమ అని. నీకు చెప్పమని పెద్దింట్లమ్మని పంపాను. నువ్వు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నావంట. దేవుడి దగ్గర పలకరించకూడదని పిల్ల వెనక్కి వచ్చేసింది."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని వరలక్ష్మమ్మ గారు లెక్క వేశారు. లెక్కంతా సరిగ్గానే ఉంది, మధ్యలో దేవుడు అడ్డొచ్చాడంతే. నాగరత్నానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

భోజనం గంటలో అటెండరు వచ్చి ముందు బుల్లిరాజుని పిలిచాడు. పావుగంట తర్వాత అతను హెడ్మాస్టరు గదిలోంచి వచ్చి, "ఏం లేదండి, రికార్డు సంతకాలు" అని ఆమె మొహం చూడకుండానే వెళ్ళిపోయాడు. తర్వాత చాలాసేపు ఎవరూ పిలవలేదు. ఎదురుచూడడం కంటే పిలుపే నయమనిపించింది నాగరత్నానికి. రెండున్నరకి పిలుపొచ్చింది.

"కూర్చోండమ్మా" అన్నారు సామ్యేలు గారు. "మీ లెసన్ ప్లాన్లో ఉన్నది మీరు సగం కూడా పూర్తి చేయలేదు."

"చేయలేదండి."

"చేతులెందుకు దింపించేశారు?"

నాగరత్నం నేల చూపులు చూసింది. క్రమశిక్షణ కోసం అనొచ్చు. అల్లరి తగ్గించడానికి అనొచ్చు. ఆమె ఏదో ఒకటి అనేలోపే ఆయన నోటుపుస్తకం తెరిచి ఆమె వైపు తిప్పారు.

"రెండో పీరియడ్లో పదకొండు మంది లేచారు. పదకొండు మందీ కుడిచెయ్యి వాళ్ళే, పదకొండు జవాబులూ సరైనవే. మీ పాఠంలో ముగ్గురు లేచారు. ముగ్గురూ కుడిచెయ్యి వాళ్ళే, ముగ్గురికీ తెలీదు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పనండి నాది. ఏం జరిగిందో నాకు తెలుసు. మీ నోటివెంట వినాలి."

ఒక్క అబద్ధం చాలు. కానీ ఆ అబద్ధం చెప్పడానికి కూడా నాలుక తిరగాలి. తిరిగింది, కానీ నిజానికే తిరిగింది.

"పిల్లలకి చెప్పి పెడతారని నాకు నిన్ననే తెలుసండి. వద్దనలేదు. నాకు పనికొస్తుందని ఊరుకున్నాను. మొదటి ముగ్గుర్నీ ఆ లెక్కనే లేపాను. కుదరకపోయేసరికి ఆపేశాను. కుదిరి ఉంటే ఆపేదాన్ని కాదేమోనండి."

సామ్యేలు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పిల్లలకి చెప్పిందెవరు?"

"నా పాఠం సంగతి అడగండి సార్, చెబుతాను. ఇంకొకరి సంగతి నన్నడక్కండి."

"అయితే రాసివ్వండి." ఆయన తెల్లకాయితం ముందుకు జరిపారు. "మీ ఒక్కరి పేరే ఉంటే తప్పు మీ ఒక్కరిదే అవుతుంది. ఈ ఏడాదికి మీ పాఠం లెక్కలోకి రాదు. ఆలోచించుకుని రాయండి."

ఆలోచించుకోవడానికి ఏముంది? అన్నపూర్ణమ్మ గారి మొహం కళ్ళముందు కదిలింది. చెరువు గట్టు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న బుల్లిరాజూ కదిలాడు. రెండుసార్లు తప్పినవాణ్ణి మూడోసారి ఎవరు చదివిస్తారు? ఎనిమిది 'బి' పిల్లలు చేతులెత్తిన పద్ధతి నాకు ముందే తెలుసునని, దానిని అడ్డుకోకపోవడం నా తప్పేనని, దానికి నేనే బాధ్యురాలినని నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టింది. అక్షరం వంకర పోలేదు. నల్లబల్ల మీద పదకొండేళ్ళు రాసిన చెయ్యి అది.

సామ్యేలు గారు చదివారు. రెండోసారి చదివారు. తర్వాత సొరుగు లాగి ఇంకో కాయితం తీసి, దాని పక్కన పెట్టారు.

"ఇది ఒంటిగంటన్నరకి రాసిచ్చింది."

ఆ దస్తూరీ చూడగానే ఆమెకు తెలిసిపోయింది. ఏడాదంతా తన లెసన్ ప్లాన్లని దింపుకున్న దస్తూరీ. "నాగరత్నం గారికి పదకొండేళ్ళ అనుభవం ఉన్నందున ఆవిడ మాట కాదనలేక, ఆవిడ చెప్పమన్నట్టే పిల్లలకు చెప్పినాను. రెండు పాఠములలోనూ జరిగినదానికి ఆవిడే బాధ్యులు. నాకు ఏమియు తెలియదు." కింద సంతకం, బుల్లిరాజు.

నాగరత్నానికి కోపం రాలేదు. తమ్ముడనుకున్నాను కదా అని లోపల ఒక్కటే మాట మళ్ళీ మళ్ళీ తిరిగింది. కోపం ఆ తర్వాత వచ్చింది, వచ్చి కళ్ళనిండా నిలబడింది.

"రెండు కాయితాలూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటున్నాయండి" అన్నారు సామ్యేలు గారు నెమ్మదిగా. "ఇలాగే పంపిస్తే అతను పాసవుతాడు, మీరు ఇంటికెళ్ళిపోతారు. ఇరవై రెండేళ్ళలో నేను నిజమైన పాఠాలు ఎక్కువ చూడలేదమ్మా. ఇవాళ ఒకటి చూశాను. కానీ నేను రాసే మార్కులు ఈ కాయితాలను దాటి పోలేవు." ఆమె రాసిన కాయితాన్ని ఆమె చేతిలోనే పెట్టి, పక్కన ఇంకో తెల్లకాయితం ఉంచారు. "మూడున్నరకి కవరు సీలు వేస్తాను. అందులో ఏ కాయితం పెట్టాలో మీ ఇష్టం. నేను అటు వెళ్ళి పిల్లల రిజిస్టరు చూసుకొస్తాను."

ఆయన వెళ్ళిపోయారు. గోడగడియారం మూడూ పది చూపిస్తోంది. గదిలో ఆమె, మూడు కాయితాలు, మూత పెట్టిన కలం.

తలుపు మెల్లగా తెరుచుకుంది. రెండు టీ గ్లాసులు పట్టుకుని బుల్లిరాజు లోపలికి తొంగి చూశాడు. పొద్దుటినుంచి ఏమీ తినలేదని తెలుసేమో, గ్లాసు మీద రెండు బిస్కెట్లు కూడా పెట్టుకొచ్చాడు.

"అయిపోయిందాండి అక్కయ్య గారూ?" గొంతు తగ్గించి అడిగాడు. "నా పేరేం చెప్పలేదు కదండీ?"

నాగరత్నం అతని మొహంలోకి చూసింది. తర్వాత తెల్లకాయితం ముందుకు లాక్కుని కలం మూత తీసింది.